పాత ల్యాప్‌టాప్‌కి లైనక్స్ మింట్ 22: ఎక్కడ అతుకుతుంది, ఎక్కడ మొరాయిస్తుంది

తీర్పు ముందే చెప్పేస్తే చదివేవాళ్లకు టైము కలిసొస్తుంది. 2013 నుంచి 2017 మధ్య కొన్న, ఇంటెల్ 4వ తరం నుంచి 7వ తరం దాకా ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్‌కి ఇవాళ వేయదగ్గ ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్ మింట్ 22, అందులోనూ తేలికైన డెస్క్‌టాప్ ఉన్న ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్. పైసా ఖర్చు లేదు. 2029 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. 4 జీబీ ర్యామ్‌లో కూడా కదులుతుంది, 8 జీబీ ఉంటే హాయిగా నడుస్తుంది. కానీ ట్యాలీ, పేజ్‌మేకర్, అను ఫాంట్లు, క్యానన్ ఎల్‌బీపీ 2900 ప్రింటర్ వీటిలో ఏ ఒక్కటి మీ రోజువారీ పనిలో ఉన్నా ఆగండి. వాటి సంగతి కింద ఉంది, అది చదివాకే పెన్‌డ్రైవ్ పట్టుకోండి.

ఇప్పుడెందుకు ఈ తొందరంటే, 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు అయిపోయింది. విండోస్ 11కి వెళ్దామంటే భద్రతా చిప్పు టీపీఎం 2.0, సంతకం ఉన్న ఓఎస్‌నే లేవనిచ్చే సెక్యూర్ బూట్‌తో పాటు ఇంటెల్‌లో దాదాపుగా 8వ తరం, ఏఎండీలో రైజన్ 2000 సిరీస్, ఆ పైవే కావాలంటుంది మైక్రోసాఫ్ట్. ఈ లెక్కన 5వ తరం ఐ5, 8 జీబీ ర్యామ్‌తో బంగారంలా పనిచేస్తున్న మెషిన్ కూడా గేటు బయటే. బూట్ పెన్‌డ్రైవ్‌లు చేసే రూఫస్ ప్రోగ్రామ్‌తో పెన్‌డ్రైవ్ తయారుచేసేటప్పుడు ఆ తనిఖీలు తీసేసే టిక్కు ఒకటి ఉంది. దాంతో విండోస్ 11 ఎక్కుతుంది, నడుస్తుంది. తలనొప్పి ఆ తర్వాత. నెలవారీ ప్యాచ్‌లు వస్తున్నా, ఏడాదికోసారి వచ్చే పెద్ద వెర్షన్ తనంతట తాను రాదు. మళ్లీ ఐఎస్ఓ (ఓఎస్ మొత్తం ఉండే ఫైలు) దించుకోవాలి, మళ్లీ తనిఖీ తప్పించాలి. కోర్ 2 డ్యుయో కాలపు మెషిన్లకైతే విండోస్ 11 24హెచ్2 వెర్షన్ నుంచి ఆ దారి కూడా లేదు. ఎస్ఎస్ఈ 4.2, పాప్‌కౌంట్ ఆదేశాలు లేని ప్రాసెసర్ మీద అది అసలు బూటే కాదు.

విండోస్ 10లోనే ఇంకొన్నాళ్లు గడపాల్సినవాళ్లకు ఈఎస్‌యూ (గడువు దాటాక కూడా సెక్యూరిటీ అప్‌డేట్లిచ్చే పథకం) ఉంది. 22హెచ్2 వెర్షన్, మైక్రోసాఫ్ట్ అకౌంటు ఉంటే చాలు, సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలోనే ఎన్‌రోల్ లింకు కనిపిస్తుంది. సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే ఉచితం. లేదంటే 1000 రివార్డ్స్ పాయింట్లు, అదీ కాదంటే 30 డాలర్లు. 2026 అక్టోబరు 13 దాకా గడువు. ట్యాలీ నడిపే దుకాణాలకు ఇదే సరైన దారి. మింట్ కోసం వాళ్లు తొందరపడక్కర్లేదు.

ముందు డిస్కు, తర్వాత ఓఎస్

"కొత్త ఓఎస్ వేశాక ఇంకా స్లో అయింది" అనే ఫిర్యాదులో ఎక్కువసార్లు దోషి ఓఎస్ కాదు, లోపలున్న 5400 ఆర్‌పీఎం హార్డ్‌డిస్కు. చెల్లాచెదురుగా ఉన్న చిన్న చిన్న ఫైళ్లను అది సెకనుకు వంద అటూ ఇటూ మాత్రమే అందుకోగలదు. ఇప్పటి ఓఎస్ ఏదైనా, బ్రౌజర్ ఏదైనా, తెరుచుకునేటప్పుడు అడిగేది అలాంటి వేల ముక్కల్నే. అందుకే ప్రాసెసర్ పది శాతం దగ్గర తీరిగ్గా కూర్చుని ఉంటే డిస్కు 100 శాతం దగ్గర రొప్పుతూ ఉంటుంది. మింట్ తేలికైనదే గానీ ఈ రోగానికి మందు కాదు. 256 జీబీ సాటా ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాల్లేని వేగమైన డిస్కు) వేయకుండా ఏ ఓఎస్ మార్చినా శ్రమ దండగ.

ఎస్ఎస్‌డీ కొనేటప్పుడు రెండు చూసుకోండి. 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ మందం 7 మిల్లీమీటర్లు. పాత ల్యాప్‌టాప్ గూడు 9.5 మిల్లీమీటర్లది అయితే లోపల లొడలొడలాడుతుంది, ప్లాస్టిక్ ఫ్రేము అడిగి తీసుకోండి. ఇక బోర్డు మీద ఎం.2 స్లాటు కనిపించింది కదా అని ఎన్‌వీఎంఈ రకం ఎస్ఎస్‌డీ కొనేయకండి. ఆ కాలపు మెషిన్లలో చాలావాటి స్లాటు సాటా ఎం.2 ఒక్కటే తీసుకుంటుంది. కొన్నిట్లో అది అసలు స్టోరేజీ కోసమే కాదు, వైఫై కార్డుదో సిమ్ కార్డుదో. ర్యామ్ సంగతి: 4వ తరం యూ సిరీస్, 5వ తరం ల్యాప్‌టాప్‌లకు 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ కావాలి. పాత 1.5 వోల్టుల డీడీఆర్3 స్టిక్కు అదే స్లాటులో చక్కగా కూర్చుంటుంది, కానీ స్క్రీన్ నల్లగా ఉండిపోతుంది. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో అయినా, ఇంకెక్కడైనా సెకండ్‌హ్యాండ్ ర్యామ్ కొంటే స్టిక్కరు మీద "పీసీ3ఎల్" అని ఉందో లేదో చూడండి. ఆ "ఎల్" అక్షరమే అసలు సంగతి. థింక్‌ప్యాడ్ లాంటివాటిలో బయటి బ్యాటరీ తీసినా లోపల ఇంకోటి ఉంటుంది. మూత విప్పే ముందు బయోస్‌లో (ఓఎస్ లేవకముందే తెరుచుకునే సెట్టింగుల తెరలో) కాన్ఫిగ్, పవర్ కింద "డిసేబుల్ బిల్ట్-ఇన్ బ్యాటరీ" నొక్కితేనే బోర్డుకు కరెంటు ఆగుతుంది.

పాత డిస్కే ఉంచుకుంటామంటారా, దాని ఆరోగ్యం చూడండి. మింట్‌ని ఇన్‌స్టాల్ చెయ్యకుండానే పెన్‌డ్రైవ్ మీంచి నడపొచ్చు. అలా నడుపుతూ మెనూలో "డిస్క్స్" తెరవండి. ఎడమవైపు మీ డిస్కు మీద నొక్కి, పైన మెనూ బటన్‌లో "స్మార్ట్ డేటా అండ్ సెల్ఫ్ టెస్ట్స్" తియ్యండి. వరుసగా చాలా లైన్లు వస్తాయి. మూడు చాలు. 5వ నంబరు, రీఅలొకేటెడ్ సెక్టర్ కౌంట్: చెడిపోయి వేరేచోటికి మార్చిన సెక్టర్లు. 197వ నంబరు, కరెంట్ పెండింగ్ సెక్టర్ కౌంట్: చదవలేక మొరాయిస్తున్న సెక్టర్లు. 199వ నంబరు, సీఆర్‌సీ ఎర్రర్లు: ఇది పెరుగుతుంటే డిస్కు కాదు, కేబులో కనెక్టరో వదులు. 197 దగ్గర సున్నా కాకుండా ఇంకేమున్నా ఆ డిస్కు మీద ఏ ఓఎస్సూ వెయ్యకండి. ఇన్‌స్టాలర్ సగం కాపీ చేశాక "ఇన్‌పుట్/అవుట్‌పుట్ ఎర్రర్" అని ఆగిపోయేది ఎక్కువగా దీనివల్లే, లేదంటే పాడైన పెన్‌డ్రైవ్ వల్ల. పై పైన చూసి "ఓవరాల్ అసెస్‌మెంట్: డిస్క్ ఈజ్ ఓకే" అన్న మాట నమ్మకండి. ఆ ముక్క చివరిదాకా అలాగే అంటూ ఉంటుంది.

పెన్‌డ్రైవ్, బూట్ మెనూ

ఐఎస్ఓ దాదాపు 3 జీబీ, 8 జీబీ పెన్‌డ్రైవ్ సరిపోతుంది. దించాక షా256 (ఫైలు పాడవకుండా దిగిందో లేదో చెప్పే సంకేతం) సరిచూడటం చాలామంది ఎగ్గొడతారు. నెట్ తెగి తెగి వచ్చే ఇళ్లలో అది ఎగ్గొట్టదగ్గది కాదు. ఒక్క బ్లాకు పాడైనా ఇన్‌స్టాలేషన్ ఎక్కడో మధ్యలో అర్థంకాని ఎర్రరుతో ఆగుతుంది, మీరేమో ల్యాప్‌టాప్‌ని అనుమానిస్తారు. రూఫస్ "ఐఎస్ఓ మోడా, డీడీ మోడా" అని అడిగితే మొదట ఐఎస్ఓ మోడ్. బూట్ కాకపోతేనే డీడీ.

అసలైన ఉచ్చు బూట్ మోడ్: యూఈఎఫ్ఐ కొత్త పద్ధతి, లెగసీ పాతది. పెన్‌డ్రైవ్‌ని యూఈఎఫ్ఐలో బూట్ చేస్తే మింట్ యూఈఎఫ్ఐలో ఎక్కుతుంది, లెగసీలో బూట్ చేస్తే లెగసీలో. విండోస్ పక్కనే మింట్ పెట్టుకునేవాళ్లు ముందు విండోస్‌లో "సిస్టమ్ ఇన్ఫర్మేషన్" తెరిచి "బయోస్ మోడ్" అన్న లైను చూడాలి. అక్కడ యూఈఎఫ్ఐ అని ఉండి మీరు మింట్‌ని లెగసీలో వేస్తే, రెండూ డిస్కులో ఉంటాయి గానీ ఒకే మెనూలో కనిపించవు. "మింట్ నా విండోస్‌ని మింగేసింది" అనే గోలలో కొంత భాగం ఇదే.

బూట్ మెనూ కీ డెల్, లెనోవోల్లో ఎఫ్12. హెచ్‌పీలో ఎస్కేప్ నొక్కి తర్వాత ఎఫ్9. ఆసుస్‌లో ఎస్కేప్. లెనోవో ఐడియాప్యాడ్‌లలో పక్కన పిన్నుతో నొక్కే చిన్న నోవో బటన్ ఉంటుంది. ఏసర్‌లోనూ ఎఫ్12 కీయే, కానీ ఎఫ్2 నొక్కి బయోస్‌లోకి వెళ్లి "ఎఫ్12 బూట్ మెనూ" ఎనేబుల్ చేశాకే అది పనిచేస్తుంది.

విండోస్ ఉంచుకునేవాళ్లు ఇన్‌స్టాలేషన్ మొదలుపెట్టే ముందు చేయాల్సిన పనులు మూడున్నాయి. కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్‌లో "ఫాస్ట్ స్టార్టప్" టిక్కు తియ్యండి. తియ్యకపోతే షట్‌డౌన్ చేసినా విండోస్ నిజంగా పడుకోదు, సగం నిద్రలో ఉంటుంది. దాంతో మింట్ ఆ డ్రైవులను చదువుతుంది గానీ రాయనివ్వదు. రెండోది, డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ లేక డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉంటే రికవరీ కీ 48 అంకెలూ కాగితం మీద రాసుకోండి. బయోస్‌లో ఏది కదిలించినా అది అడగొచ్చు. మూడోది, బయోస్‌లో సాటా మోడ్ "రెయిడ్" లేదా "ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ" అని ఉంటే ఇన్‌స్టాలర్‌కు డిస్కే కనిపించకపోవచ్చు. ఏహెచ్‌సీఐకి మార్చాలి. నేరుగా మారిస్తే విండోస్ నీలి తెరతో పడిపోతుంది. ముందు విండోస్‌ని సేఫ్ మోడ్‌లో బూట్ అయ్యేలా పెట్టి, బయోస్‌లో మార్చి, ఒకసారి సేఫ్ మోడ్‌లో లేపి, తర్వాత మామూలుగా లేపాలి. ఆ సేఫ్ మోడ్ బూట్‌లో విండోస్ ఏహెచ్‌సీఐ డ్రైవర్ తగిలించుకుంటుంది.

ఇన్‌స్టాలేషన్ తెరలు సులువే, వాటి గురించి పెద్దగా చెప్పేదేం లేదు. "మల్టీమీడియా కోడెక్స్" టిక్కు పెట్టండి. డిస్కు మొత్తం ఇచ్చేస్తుంటే "ఎరేజ్ డిస్క్", లేదంటే ముందే విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో 60 జీబీ ఖాళీ చేసి "ఇన్‌స్టాల్ అలాంగ్‌సైడ్". ఎస్ఎస్‌డీ మీద పావుగంట పని. ల్యాప్‌టాప్ బ్యాటరీ చచ్చిపోయి ఉంటే ఇన్వర్టర్ మీద ఉన్న ప్లగ్గుకే చార్జర్ పెట్టండి. సగంలో కరెంటు పోతే మొదటికి రావాల్సిందే.

పెన్‌డ్రైవ్ మెనూ దాటాక తెర నల్లబడిందా? అదే మెనూలో "కంపాటిబిలిటీ మోడ్" ఎంచుకోండి. ఎన్‌విడియా కార్డున్న పాత మెషిన్లకు ఇది తరచూ అవసరం. ఇన్‌స్టాల్ అయ్యాక మొదటి బూట్‌కీ అదే చెయ్యాలి, ఇది చాలామందికి తట్టదు: గ్రబ్ (ఓఎస్ ఎంచుకునే మెనూ) కోసం ఎస్కేప్ నొక్కి, మింట్ లైను మీద "ఈ" కీ కొట్టి, "క్వయట్ స్ప్లాష్" అన్న మాటల స్థానంలో "నోమోడ్‌సెట్" టైప్ చేసి ఎఫ్10. తర్వాత డ్రైవర్ మేనేజర్‌లో ఎన్‌విడియా డ్రైవర్ వేసుకుంటే ఇక అక్కర్లేదు. జీఫోర్స్ 400, 500 సిరీస్ ఫెర్మీ కార్డులకు వచ్చే 390 డ్రైవర్‌ని మాత్రం ఎన్‌విడియా 2022తోనే వదిలేసింది. వాటిని మింట్‌తో పాటే వచ్చే నూవో డ్రైవర్‌తోనే నెట్టుకురండి.

మింట్ లేవకుండా నేరుగా విండోసే లేస్తోందా?

ఈ చిక్కు మింట్‌ది కాదు, ల్యాప్‌టాప్ ఫర్మ్‌వేర్‌ది. బూట్ జాబితాలో మింట్ "ఉబుంటు" అనే పేరుతో ఉంటుందని తెలియక చాలామంది వెతుక్కుంటారు. హెచ్‌పీలో ఎఫ్10 నొక్కి, బూట్ ఆప్షన్స్‌లో "ఓఎస్ బూట్ మేనేజర్" కింద ఉబుంటుని పైకి తెస్తే సరి.

ఏసర్ కథ వేరు. ఇన్‌స్టాలేషన్ సవ్యంగా అయిపోతుంది, రీస్టార్ట్ చేస్తే "నో బూటబుల్ డివైస్" అంటుంది. ఏసర్ బయోస్ తనకు తెలియని బూట్ ఫైలుని నమ్మదు. ఎఫ్2తో లోపలికెళ్లి, సెక్యూరిటీ ట్యాబులో "సెట్ సూపర్‌వైజర్ పాస్‌వర్డ్" ఇవ్వండి. అది ఇచ్చేదాకా కింది ఆప్షన్ బూడిదరంగులోనే ఉంటుంది. తర్వాత సెక్యూర్ బూట్ ఎనేబుల్‌లో ఉంచి, "సెలెక్ట్ యాన్ యూఈఎఫ్ఐ ఫైల్ యాజ్ ట్రస్టెడ్" తెరిచి, హెచ్‌డీడీ0, ఈఎఫ్ఐ, ఉబుంటు ఫోల్డర్లలోకి వరుసగా దిగి షిమ్ ఫైలుని (సెక్యూర్ బూట్ కింద లైనక్స్‌ని లేపే ఫైలు) ఎంచుకోండి. పేరు అడిగితే "మింట్" అని పెట్టి, ఎఫ్10తో సేవ్ చేసి, బూట్ ఆర్డర్‌లో దాన్ని పైకి తెండి. ఆ సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ మర్చిపోతే మాత్రం బయోసే తాళం పడుతుంది, ఎక్కడైనా రాసిపెట్టుకోండి.

"ఎస్‌బ్యాట్ సెల్ఫ్-చెక్ ఫెయిల్డ్" అన్న మాటలతో ఆగితే మీ ఐఎస్ఓ పాతది. 2024 ఆగస్టులో వచ్చిన విండోస్ అప్‌డేట్ పాత షిమ్ ఫైళ్లను నిషేధించింది. దాంతో రెండు ఓఎస్‌లున్న మెషిన్లు ఎన్నో ఒక్క దెబ్బకు ఆగాయి. కొత్త ఐఎస్ఓతో మళ్లీ పెన్‌డ్రైవ్ చేసుకోండి, లేదా సెక్యూర్ బూట్ ఆపెయ్యండి.

విండోస్‌లో గడియారం సరిగ్గా ఐదున్నర గంటలు వెనక్కి పోతే కంగారు పడక్కర్లేదు. మదర్‌బోర్డు గడియారంలో లైనక్స్ అంతర్జాతీయ సమయం రాస్తుంది, విండోస్ దాన్నే మన సమయం అనుకుంటుంది. మింట్ టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే కిటికీలో) "టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1" అని కొడితే (ఇక్కడి కమాండ్లన్నీ చిన్న ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి) ఇద్దరూ ఒక మాట మీదికొస్తారు.

వైఫై: అసలు పరీక్ష ఇక్కడే

ఇంటెల్ వైఫై కార్డు ఉంటే ఈ భాగం మీకు అక్కర్లేదు, పెన్‌డ్రైవ్ మీద ఉండగానే నెట్ వచ్చేస్తుంది. థింక్‌ప్యాడ్‌లూ డెల్ ల్యాటిట్యూడ్‌లూ లైనక్స్‌కి మంచివని పేరు పడటానికి సగం కారణం ఇదే. చిక్కంతా అప్పట్లో చవక మోడళ్లలో వేసిన బ్రాడ్‌కామ్ 43142, రియల్‌టెక్ 8723బీఈ కార్డులతోనే.

బ్రాడ్‌కామ్‌కి డ్రైవర్ విడిగా వేయాలి, డ్రైవర్ దించుకోవడానికి నెట్ కావాలి, నెట్‌కి డ్రైవర్ కావాలి. ఈ ముడి విప్పేది ఆండ్రాయిడ్ ఫోను. కేబుల్ తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే మింట్ దాన్ని వైర్డ్ నెట్‌వర్క్‌గా వెంటనే పట్టుకుంటుంది. డ్రైవర్ మేనేజర్ తెరిచి బ్రాడ్‌కామ్ డ్రైవర్ ఎంచుకుని అప్లై కొట్టండి. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. అది ఒక్కసారికే, కానీ గుర్తుంచుకోవాలి. రీస్టార్ట్ చేయగానే నీలి తెర వచ్చి "ఏదైనా కీ నొక్కండి" అంటూ పది సెకన్లు లెక్కపెడుతుంది. ఇక్కడే తప్పటడుగు. ఏదో ఎర్రరనుకుని ఊరుకుంటారు, లేదా "కంటిన్యూ బూట్" నొక్కుతారు. అప్పుడు డ్రైవర్ డిస్కులో ఉంటుంది, కెర్నల్ (ఓఎస్ గుండెకాయ) దాన్ని లోపలికి రానివ్వదు, వైఫై కనిపించదు. నొక్కాల్సింది "ఎన్‌రోల్ మాక్", తర్వాత "కంటిన్యూ", "యెస్", ఆ పాస్‌వర్డ్, రీబూట్. తప్పిపోతే ఇదంతా మళ్లీ చెయ్యొచ్చు. విసుగొస్తే సెక్యూర్ బూట్ ఆపేసినా పని జరుగుతుంది.

బ్రాడ్‌కామ్‌తో ఇంకో మెలిక ఉంది. కెర్నల్ మారినప్పుడల్లా ఆ డ్రైవర్ మళ్లీ తయారవ్వాలి, కొత్త కెర్నల్‌తో అది కొన్నిసార్లు కుదరదు. నిన్నటిదాకా ఉన్న వైఫై అప్‌డేట్ తర్వాత మాయమైతే గ్రబ్‌లో "అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్" కింద పాత కెర్నల్‌తో లేపి చూడండి. 22, 22.1 ఐఎస్ఓల్లో కెర్నల్ 6.8. 2025 సెప్టెంబరులో వచ్చిన 22.2లో 6.14. పదేళ్ల నాటి ల్యాప్‌టాప్‌కి 6.14 వల్ల ఒరిగేదేమీ లేదు. మొరాయిస్తే అప్‌డేట్ మేనేజర్‌లో వ్యూ, లైనక్స్ కెర్నల్స్‌లోకి వెళ్లి 6.8 వేసుకుని దాని మీదే ఉండిపోండి.

రియల్‌టెక్ 8723బీఈ ఇంకో రకం. నెట్ వస్తుంది, కానీ రూటరు పక్కన కూర్చుంటేనే. పక్క గదిలోకి వెళ్తే ఒక్క గీత, గుమ్మం దాటితే అదీ లేదు. డ్రైవర్ చెడిపోలేదు. ఆ కార్డుకు యాంటెన్నా కనెక్టర్లు రెండుంటే, కొన్ని హెచ్‌పీ మోడళ్లలో తీగ తగిలించింది ఒక్కదానికే. డ్రైవర్ రెండోదాని మీద వింటూ కూర్చుంటుంది. "ఈటీసీ" కింద "మోడ్‌ప్రోబ్.డీ" ఫోల్డర్‌లో ఒక .కాన్ఫ్ ఫైలు చేసి "ఆప్షన్స్ ఆర్‌టీఎల్8723బీఈ యాంట్_సెల్=2" అనే ఒక్క లైను రాసి రీస్టార్ట్ చెయ్యండి. 2తో మారకపోతే 1. సరైన అంకె పడ్డాక సిగ్నల్ గీతలు ఒక్కసారిగా నిండుతాయి. ఈ తంటాలన్నీ వద్దనుకునేవాళ్లు మూత విప్పి ఇంటెల్ కార్డు వేసుకోవచ్చు. అయితే పాత హెచ్‌పీ, లెనోవోల్లో కొన్ని తమ జాబితాలో లేని కార్డుని చూస్తే బూటే కావు. కొనే ముందు మీ మోడల్‌కి ఆ నిషేధం ఉందేమో చూడండి.

రోజువారీ వాడకం

లాగిన్ అయ్యాక ఏమీ తెరవకుండా మెమరీ వాడకం ఒక జీబీ లోపే. 4 జీబీ మెషిన్‌లో ఫైర్‌ఫాక్స్‌తో ఏడెనిమిది ట్యాబులు, లిబ్రెఆఫీస్ ఒకటి కలిపి నడపొచ్చు. అంతకు మించితే జారుడే. సిన్నమన్ ఎడిషన్ చూడ్డానికి బాగుంటుంది, 8 జీబీ ఉంటే అదే వేసుకున్నా తప్పులేదు. ఫైర్‌ఫాక్స్‌ని ఉబుంటులోలాగా స్నాప్ అనే బరువైన ప్యాకేజీ రూపంలో కాక మామూలు ప్యాకేజీగా ఇవ్వడం మింట్ చేసిన మంచి పని, పాత డిస్కుల మీద ఆ తేడా బాగా తెలుస్తుంది.

యూట్యూబ్‌లో ఫ్యాను గోల పెడితే కారణం వీడియో ఫార్మాట్. యూట్యూబ్ పంపేది వీపీ9 లేదా ఏవీ1. వీపీ9ని ఇంటెల్ చిప్పు పూర్తిగా తానే విప్పడం 7వ తరంతో మొదలైంది. అంతకు ముందువాటిలో ఆ బరువు ప్రాసెసర్ మీద పడుతుంది. ఫైర్‌ఫాక్స్‌లో "హెచ్264ఐఫై" ఎక్స్‌టెన్షన్ వేస్తే యూట్యూబ్ పాత హెచ్.264నే పంపుతుంది, దాన్ని 4వ తరం చిప్పు కూడా సునాయాసంగా విప్పేస్తుంది. 1080పీ మించి రాదు, ఆ ల్యాప్‌టాప్ తెరకు అదే ఎక్కువ.

తెలుగు టైపింగులో మింట్‌కి మంచి మార్కులే. సెట్టింగ్స్‌లో "ఇన్‌పుట్ మెథడ్" తెరిస్తే తెలుగు విడిగా కనిపిస్తుంది. ఇన్‌స్టాల్ కొట్టి, ఐబస్ (తెలుగు టైపింగు నడిపే ప్రోగ్రామ్) ఎంచుకుని, లాగౌట్ అయి లాగిన్ అవ్వాలి. అవ్వకపోతే పనిచేయదు, "తెలుగు రావట్లేదు" అనేవాళ్లు వదిలేసే మెట్టు ఇదే. తర్వాత ఐబస్ ప్రిఫరెన్సెస్‌లో ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, ఐట్రాన్స్, యాపిల్, పోతన వీటిలో మీ చేతికి అలవాటైనది చేర్చుకోండి. అను కీబోర్డుల మీద చెయ్యి తిరిగినవాళ్లకు యాపిల్ లేఅవుట్ దొరకడం ఊరట.

ఫాంట్ల దగ్గర కొంచెం చూసుకోవాలి. విండోస్‌లో గౌతమి, నిర్మలా యూఐలో చేసిన వర్డ్ ఫైలు మింట్‌లో తెరిస్తే వేరే ఫాంటు వచ్చి పడుతుంది, పేజీలు జరుగుతాయి. అచ్చుకిచ్చేది ఏదైనా విండోస్‌లో ఉండగానే పీడీఎఫ్ చేసుకోండి. లిబ్రెఆఫీస్‌లో తెలుగు అక్షరాల సైజు పెంచినా పెరగట్లేదంటే, ఆప్షన్స్‌లో భాషల పేజీకి వెళ్లి "కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్" దగ్గర తెలుగు ఎంచుకోండి. తెలుగుకి ఫాంటూ సైజూ అది విడిగా లెక్కేస్తుంది, పైన కనిపించే ఇంగ్లీషు సైజుతో దానికి సంబంధం లేదు.

మింట్ వద్దనాల్సిన చోట్లు

అను ఫాంట్లతో పేజ్‌మేకర్ నడిపే డీటీపీ సెంటర్లకు మింట్ పనికిరాదు. అను అక్షరాలు యూనికోడ్ కావు, ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చోబెట్టిన తెలుగు ముక్కలు. ఫాంటు లేకుండా తెరిస్తే అర్థంలేని గుర్తుల వరుస వస్తుంది. అను కీబోర్డు ప్రోగ్రామ్ స్క్రిప్ట్ మేనేజరూ, పేజ్‌మేకరూ విండోస్‌వే. ట్యాలీప్రైమ్ కూడా అంతే. విండోస్ ప్రోగ్రాములను లైనక్స్‌లో నడిపే వైన్‌తో తంటాలు పడి నడిపినా, నెలాఖరు లెక్కల రోజున అది ఆగితే అడిగేవాడుండడు. డిజిటల్ సిగ్నేచర్ డాంగిల్ వాడేవాళ్లు తమ టోకెన్‌కీ (ఆ డాంగిల్‌కీ), పోర్టల్ అడిగే సైనర్‌కీ (సంతకం చేయించే ప్రోగ్రామ్‌కీ) రెండిటికీ లైనక్స్ వెర్షన్ ఉందో లేదో చూసుకున్నాకే దిగాలి. ఒక్కటి ఉండి లాభం లేదు.

ప్రింటర్లలో మన జిరాక్స్ షాపుల రాజు క్యానన్ ఎల్‌బీపీ 2900. అది క్యాప్ట్ అనే క్యానన్ సొంత భాష తప్ప ఇంకేదీ మాట్లాడదు. లైనక్స్‌కి క్యానన్ ఇచ్చిన డ్రైవర్ ఎప్పటిదో, 32 బిట్ లైబ్రరీలు అడుగుతుంది. ఎక్కించినా మధ్యమధ్యలో ప్రింట్ క్యూ బిగుసుకుంటుంది. ఆ ప్రింటర్ ఉన్న చోట విండోస్ ఉంచడమే నయం. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 మాత్రం బాగానే నడుస్తుంది, ఒక షరతు మీద: స్విచ్ వేసిన ప్రతిసారీ ఆ ప్రింటర్‌కి ఫర్మ్‌వేర్ కంప్యూటరే పంపాలి. అందుకు హెచ్‌పీ ప్రింటర్ల డ్రైవర్ హెచ్‌పీలిప్‌తో పాటు దాని ప్లగిన్ కూడా వేయాలి. టెర్మినల్‌లో "హెచ్‌పీ-ప్లగిన్" అని కొడితే దించుకుంటుంది. ప్లగిన్ లేకుంటే ప్రింటర్ పేరు కనిపిస్తుంది, కాగితం కదలదు.

21 నుంచి 22కి మారేవాళ్లకు

ఇప్పటికే మింట్ 21 ఉన్నవాళ్లకు తొందర లేదు, 2027 దాకా అప్‌డేట్లు వస్తాయి. మారాలనుకుంటే ముందు 21.3కి చేరి, అప్‌డేట్లన్నీ వేసి, "మింట్‌అప్‌గ్రేడ్" ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసి టెర్మినల్‌లో నడపాలి. ఈ పనిముట్టు తీరు మెచ్చుకోదగ్గది. ముందే అన్నీ తనిఖీ చేసి, ఉత్తుత్తి అప్‌గ్రేడ్ ఒకటి చేసి చూసుకుని, అడ్డున్నవి చెప్పి, సరిచేశాకే కదులుతుంది. టైమ్‌షిఫ్ట్ స్నాప్‌షాట్ (సిస్టమ్‌ని వెనక్కి తెచ్చుకోవడానికి దాచే నకలు) లేకపోతే ముందుకు పోనివ్వదు. అడ్డుపడేవి ఎక్కువగా బయటి పీపీఏలు, అంటే బయటివాళ్లు నడిపే సాఫ్ట్‌వేర్ మూలాలు. అప్‌గ్రేడ్‌కి ముందే సాఫ్ట్‌వేర్ సోర్సెస్‌లో వాటిని తీసేస్తే సగం ఎర్రర్లు రావు. చివర్లో రిపోజిటరీలో లేని "అనాథ" ప్యాకేజీల జాబితా చూపించి తీసేస్తానంటుంది. సొంతంగా వేసుకున్న ప్రింటర్ డ్రైవర్లు అందులో ఉంటాయి. చదవకుండా ఓకే కొట్టకండి, ఉంచాల్సినవాటికి టిక్కు పెట్టండి.

మధ్యలో కరెంటు పోయి లాగిన్ తెర కూడా రాకపోతే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్2 కలిపి నొక్కి నల్ల తెరలో లాగిన్ అవ్వండి. "సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ", ఆ తర్వాత "సుడో ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్". చాలావరకు ఈ రెండిటితో లేస్తుంది. లేవకపోతే ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి అందులోని టైమ్‌షిఫ్ట్‌తో స్నాప్‌షాట్‌కి వెనక్కి వెళ్లండి. హోమ్ ఫోల్డర్‌ని టైమ్‌షిఫ్ట్ మామూలుగా ముట్టుకోదు, కాబట్టి ఫొటోలు, ఫైళ్లు అలాగే ఉంటాయి. అదే కారణానికి, అది మీ ఫైళ్ల బ్యాకప్ కూడా కాదు.

120 జీబీ ఎస్ఎస్‌డీ వాళ్లకు ఇంకొక్కటి. టైమ్‌షిఫ్ట్‌ని రోజువారీ ఐదు, వారంవారీ మూడు అని వదిలేస్తే కొన్నాళ్లకు డిస్కు నిండుతుంది. నిండిన రోజున పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా మళ్లీ లాగిన్ తెరకే వస్తుంది, ఎర్రరేమీ చూపించదు. పాస్‌వర్డ్ మర్చిపోయామేమో అనుకుని ఓఎస్ మళ్లీ వేసుకునేవాళ్లున్నారు. మళ్లీ కంట్రోల్, ఆల్ట్, ఎఫ్2తో లోపలికెళ్లి "డీఎఫ్ -హెచ్" కొట్టండి. రూట్ దగ్గర 100 శాతం కనిపిస్తే "సుడో టైమ్‌షిఫ్ట్ --డిలీట్"తో పాత స్నాప్‌షాట్లు రెండు తీసేస్తే చాలు. తర్వాత షెడ్యూలుని వారంవారీ రెండుకు తగ్గించి, అప్‌డేట్ మేనేజర్ ప్రిఫరెన్సెస్‌లో ఆటోమేషన్ కింద పాత కెర్నల్స్ తీసేసే టిక్కు కూడా పెట్టండి.